అప్పుడప్పుడూ అందుకోని బండి

యంత్రాల నడుమ జీవితం గడిపే మనవంటి వారికి ఒక సంగతి అనుభవం మీద తెలుసు. పూర్తిగా చెడిపోయిన యంత్రం ఎవరినీ మోసగించదు. కాలిపోయిన మోటారు కాలిపోయినట్లే కనిపిస్తుంది. విరిగిన షాఫ్టు విరిగినట్లే చేతికి వస్తుంది. మనిషిని నిజంగా తికమకపెట్టేది, అప్పుడప్పుడూ మాత్రమే మొరాయించి, పరీక్షించే వేళకు సాధువువలె నడిచే యంత్రం. రాత్రి షిఫ్టులో మూడుసార్లు ఆగిన పంపు, ఉదయం ఇంజనీరుగారు వచ్చి నిలబడగానే ఏమీ ఎరగనట్లు తిరగడం మనలో చూడనివారు అరుదు.

ఇంటి వాహనం విషయంలోనూ ఇంతే. వంటగ్యాసు గొట్టాలు, రెగ్యులేటర్ల గురించి గత సంచికలో ముచ్చటించుకున్న తరువాత ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో ఒకే ప్రశ్న పలుమార్లు కనిపించింది. 'మా వ్యాన్ ఒక్కొక్కసారి లాగడం లేదు. యాక్సిలరేటరు ఎంత తొక్కినా అందుకోదు. మరునాడు మామూలే. వర్క్‌షాపులో చూపిస్తే ఏ లోపమూ లేదంటున్నారు. ఏమి చేయాలి?' అన్నది ఆ ప్రశ్న సారాంశం. కావున ఈసారి ఈ విషయాన్నే ఎత్తుకుంటున్నాము.

ముందుగా ఇంటి వ్యాన్ గురించి నాలుగు మాటలు. కుటుంబమంతా ఒకే బండిలో ప్రయాణించాలన్న మధ్యతరగతి కోరికను మన దేశంలో తీర్చిన వాహనాలలో మారుతి వ్యాన్‌ది మొదటి వరుస. 1981లో ప్రభుత్వరంగ సంస్థగా, అంటే మన సంస్థకు ఒక విధంగా తోబుట్టువుగా, ఏర్పడిన మారుతి ఉద్యోగ్ 1983 డిసెంబరులో తన తొలి కారును, 1984లో వ్యాన్‌ను వెలువరించింది. ఆ వ్యాన్‌లో 796 సి.సి. సామర్థ్యంగల మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కింద ఒదిగి ఉండేది. ఓమ్ని అన్న పేరుతో అది 2019 వరకు తయారయింది. ఈలోగా ఆ సంస్థలో ప్రభుత్వానికి మిగిలిన వాటా 2007లో పూర్తిగా అమ్ముడుపోయింది. అమెరికా ఖండంలో క్రైస్లర్ సంస్థ తన మినీవ్యాన్‌ను కెనడాలోని విండ్సర్ కర్మాగారం నుంచి 1983 నవంబరులో విడుదల చేయడం కాకతాళీయమే అయినా, ప్రపంచపు రెండు మూలల్లోనూ కుటుంబాలు ఒకే కాలంలో ఒకే కోరిక కోరుకున్నాయని అది చెబుతున్నది.

ఇటువంటి వాహనాల స్వభావం ఒకటి గుర్తుంచుకోవలసి ఉన్నది. మన దేశపు వ్యాన్లలో ఇంజను చిన్నది, మోయవలసిన బరువు పెద్దది. సగటున అరవై కిలోల చొప్పున ఏడుగురు ఎక్కితే 420 కిలోలు. పైన పెట్టెలు, బియ్యం మూట, పచ్చళ్ల జాడీలు. ఎ.సి. వేస్తే ఇంజను శక్తిలో కొంత భాగం అటు పోతుంది. అటువంటి బండి ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు తన శక్తినంతా కూడదీసుకోవలసి వస్తుంది. ఒక్కరే కూర్చుని ఆఫీసుకు నడుపుకుపోయేటప్పుడు అందులో మూడవ వంతు కూడా అవసరపడకపోవచ్చు. అందుచేత బండిలోని బలహీనత ఒంటరి ప్రయాణంలో దాగి ఉండి, కుటుంబం మొత్తం ఎక్కిననాడు బయటపడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో ఇళ్లలో అనవసరమైన వాదోపవాదాలు జరుగుతుంటాయి.

ఈ మాటకు నిదర్శనంగా మన టౌన్‌షిప్పులోనే జరిగిన ఒక ఉదంతాన్ని, ఆ కుటుంబం అనుమతితో, పేర్లు లేకుండా వివరిస్తాము. బండి తయారీదారు ఎవరన్నది, చూసిన వర్క్‌షాపు ఏదన్నది ఇక్కడ అప్రస్తుతం.

గృహస్థు మన నిర్వహణ విభాగంలో ఉద్యోగి. భార్య బ్యాంకులో పనిచేస్తారు. ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి. ఏడుగురు కూర్చోగల వ్యాన్‌ను వారంలో నాలుగు రోజులు ఆమే నడుపుతారు. పిల్లలను, ఇరుగుపొరుగు పిల్లలను బడికి, అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఆమే. ఒకనాడు రెండు వరుసల రహదారి మీద లారీని దాటబోతుండగా బండి సగంలో నీరసించిపోయింది. ఎదురుగా బస్సు వస్తున్నది. ఆమె సమయస్ఫూర్తితో బ్రేకు వేసి, తిరిగి లారీ వెనుకకు చేరారు గనుక సరిపోయింది.

సాయంత్రం ఆమె భర్తతో, "ఏమండీ, బండి ఉన్నట్టుండి లాగడం మానేస్తోందండీ. ఇవాళ పెద్ద గండం తప్పింది" అన్నారు. ఆయన మరునాడు ఒక్కరే బండిని తీసుకువెళ్లి పది కిలోమీటర్లు తిప్పి వచ్చి, "అంతా బాగానే ఉంది. నువ్వు గేరు సరిగ్గా మార్చి ఉండవు" అని తేల్చివేశారు. అప్పుడు వరండాలో కూర్చున్న తల్లి, "ఒరే నాయనా, నేనూ అందులోనే ఉన్నానురా. అమ్మాయి గేరు మార్చింది. బండే ఊపిరి బిగబట్టింది" అన్నారట.

అయినా రెండు నెలలపాటు ఆ మాటకు విలువ రాలేదు. వర్క్‌షాపుకు మూడుసార్లు వెళ్లింది బండి. మొదటిసారి ప్లగ్గులు మార్చారు. రెండవసారి కాయిల్, ఎయిర్ ఫిల్టరు మార్చారు. మూడవసారి ఒక సెన్సారు మార్చి, "ఇంక మీకు ఇబ్బంది ఉండదు మేడమ్" అన్నారు. ప్రతిసారీ ట్రయల్‌కు వెళ్లినది మెకానిక్ ఒక్కడే. ప్రతిసారీ బండి చక్కగా నడిచింది. ప్రతిసారీ పది రోజులలో రోగం తిరగబెట్టింది. గుడ్డెద్దు చేలో పడ్డట్లు ఒకదాని తరువాత ఒకటిగా భాగాలు మార్చుతూ పోతే డబ్బు ఖర్చవుతుందే తప్ప కారణం తెలియదు. ఈ ఉదంతం ఎలా ముగిసిందో కొంచెం ఆగి చెబుతాము. దానికి ముందు, ఈ లోపాన్ని చిన్న ఇబ్బందిగా ఎందుకు తీసుకోరాదో ఒక లెక్క చూద్దాం.

లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. దాని వెనుక విడిచిన దూరం, దాని పొడవు, మన బండి పొడవు, దాని ముందు విడవవలసిన దూరం అన్నీ కలిపి 40 మీటర్లు అనుకుందాం. మన బండి 70 కిలోమీటర్ల వేగం అందుకుంటే ఆ 40 మీటర్లు గడవడానికి పట్టేది సుమారు 7 సెకన్లు. ఆ వ్యవధిలో మనం 140 మీటర్లు ముందుకు పోతాము. ఎదురుగా 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు 120 మీటర్లు మన వైపు వస్తుంది. అంటే 260 మీటర్ల ఖాళీ రహదారి ఉంటే చాలు. ఇప్పుడు బండి అందుకోక 60 దగ్గరే ఆగిపోయిందనుకోండి. దాటడానికి 14 సెకన్లకు పైగా పడుతుంది. మనం 240 మీటర్లు, బస్సు 240 మీటర్లు; మొత్తం 480 మీటర్లు కావలసి వస్తుంది. డ్రైవరు చూసి, బేరీజు వేసి, సరిపోతుందనుకున్న ఖాళీ ఒక్క క్షణంలో సగానికి పడిపోయిందన్నమాట. 2022 సంవత్సరంలో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుతున్నది. అటువంటి రోడ్ల మీద 220 మీటర్ల తేడా చిన్నది కాదు.

మన కర్మాగారాలలో తృటిలో తప్పిన ప్రమాదాన్ని 'నియర్ మిస్' అని రిజిస్టరులో రాయిస్తాము. ఎవరికీ దెబ్బ తగలలేదు కదా అని వదిలివేయము. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం నాడు ఆ విషయమే ప్రతిజ్ఞగా పలుకుతాము. గేటు దాటి ఇంటికి రాగానే ఆ నియమం మరచిపోవడం ఏ విధమైన న్యాయమో ఆలోచించవలసి ఉన్నది.

ఇక లోపాన్ని పట్టుకునే విధానానికి వద్దాం. బండి అందుకోకపోవడం అన్నది ఒక్క రోగం కాదు. అనేక రోగాల లక్షణం. జ్వరం వంటిదే ఇదీ. కాబట్టి మొదట అది ఏ తరహా జ్వరమో తెలుసుకోవాలి. అందుకు నాలుగు ప్రశ్నలు చాలును.

మొదటి ప్రశ్న: యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను శబ్దం పెరుగుతున్నదా? శబ్దం రయ్యిన పెరిగి బండి వేగం మాత్రం పెరగకపోతే, ఇంజనులో లోపం లేదు. క్లచ్ ప్లేటు జారుతున్నది. పై గేరులో, ఎక్కుడు మీద ఇది స్పష్టంగా తెలుస్తుంది. కొన్నిసార్లు కాలిన వాసన కూడా వస్తుంది. ఇంజను భాగాలు ఎన్ని మార్చినా దీనికి గుణం కనిపించదు.

రెండవ ప్రశ్న: శబ్దమే పెరగక, బండి కుదుపు లేకుండా మూలుగుతూ నీరసిస్తున్నదా? అయితే ఇంజనుకు తిండి గాని, ఊపిరి గాని చాలడం లేదు. తిండి అంటే పెట్రోలు. ట్యాంకులోని జల్లెడ మూసుకుపోవడం, ఫ్యూయల్ ఫిల్టరు నిండిపోవడం, పంపు బలహీనపడడం ఇందుకు కారణాలు. ఊపిరి అంటే గాలి. మురికిపట్టిన ఎయిర్ ఫిల్టరు, మసిపట్టిన థ్రాటిల్ ఇందులోకి వస్తాయి. లోపలికి పోయే ఊపిరి ఒక్కటే కాదు, బయటికి విడిచే ఊపిరీ ముఖ్యమే; సైలెన్సరు గొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరు పూడుకుపోయినా బండి ఒక వేగం దాటి పోలేదు.

మూడవ ప్రశ్న: బండి జర్కులు కొడుతూ, తుమ్ముతున్నట్లు నడుస్తున్నదా? మన మెకానిక్కులు 'మిస్సింగ్' అనేది దీనినే. ప్లగ్గు, కాయిల్, తీగలు, అంటే నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటును మొదట అనుమానించాలి. బరువు మోసేటప్పుడు సిలిండరులో ఒత్తిడి పెరిగి, రవ్వ దూకడం కష్టమవుతుంది. కాయిల్ లోపలి చుట్టలో పగులు ఉంటే చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక విఫలం కావచ్చు.

నాలుగవ ప్రశ్న: పెడలు ఒక నిర్ణీత స్థానానికి రాగానే క్షణకాలం చచ్చిపోయి, మరుక్షణం తేరుకుంటున్నదా? అయితే థ్రాటిల్ స్థానాన్ని కొలిచే సెన్సారు ఆ చోట అరిగి ఉండవచ్చు. ఎలక్ట్రానిక్ పెడలు ఉన్న బండ్లలో పెడలు వద్ద రెండు జతల సంకేతాలు ఉంటాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతే కంప్యూటరు జాగ్రత్తపడి శక్తిని తానే తగ్గించివేస్తుంది. వదులైన కనెక్టరు, తుప్పుపట్టిన ఎర్తు తీగ, పార్కింగులో ఎలుక కొరికిన వైరు కూడా ఇటువంటి లక్షణమే చూపిస్తాయి.

ఇవి గాక, ప్రయాణం తరువాత ఒక చక్రం మాత్రం చేయి దగ్గరకు తీసుకుపోలేనంత వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉన్నదని అర్థం. అప్పుడు పాపం ఇంజనుది కాదు.

పెట్రోలుతోను, సి.ఎన్.జి.తోను నడిచే బండి ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉన్నది. లోపం కనిపించినప్పుడు, రోడ్డు ఖాళీగా ఉన్న చోట, ఇంధనాన్ని మార్చి చూడవచ్చు. పెట్రోలు మీద మాత్రమే నీరసిస్తే పెట్రోలు సరఫరాను చూడాలి. రెండింటి మీదా నీరసిస్తే గాలి, క్లచ్, సెన్సార్ల వైపు చూడాలి. గ్యాసు మీద మాత్రమే మిస్సింగ్ ఉంటే గ్యాసు సరఫరాతోపాటు ప్లగ్గులు, కాయిల్ కూడా చూడాలి. ఎందుకంటే గ్యాసును మండించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి గల రవ్వ కావాలి.

పాత కార్బురేటరు బండ్లు ఇంకా కొందరి ఇళ్లలో పదిలంగా ఉన్నాయి. వాటి స్వభావం వేరు. జెట్టులో నలక చిక్కుకోవడం, వేగం పెంచే క్షణంలో అదనపు పెట్రోలు చిమ్మే చిన్న పంపు పొర చిరగడం, ఎండాకాలంలో గొట్టంలోని పెట్రోలు ఆవిరై ప్రవాహానికి అడ్డుపడడం వాటికి సహజమైన జబ్బులు. ట్యాంకు మూతకు గాలిరంధ్రం ఉండే బండ్లలో ఆ రంధ్రం మూసుకుపోతే, పెట్రోలు తరిగినకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి సరఫరా మందగిస్తుంది. బండి నీరసించినప్పుడు పక్కకు ఆపి మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆపైన బండి చక్కబడితే దొంగ దొరికినట్లే.

పెట్రోలులో ఇథనాల్ కలపడం గురించి కూడా పాఠకులు అడుగుతున్నారు. 2003లో ప్రారంభమైన ఈ కార్యక్రమం 2025లో ఇరవై శాతం మిశ్రమానికి చేరింది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉన్నది. లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడవ వంతు తక్కువ. ఆ మిశ్రమం కోసం తయారుకాని పాత బండ్ల రబ్బరు గొట్టాలను అది క్రమేణా దెబ్బతీయవచ్చు. పాత బండి గలవారు గొట్టాలు, ఫిల్టరు ఒకసారి చూపించుకోవడం, నెలల తరబడి బండిని కదల్చక నిలిపి ఉంచకపోవడం మంచిది. అంతమాత్రాన ప్రతి లోపాన్నీ పెట్రోలు నెత్తిన రుద్దడం కూడా సరికాదు. మిశ్రమం వల్ల వచ్చే మార్పు రోజూ ఉంటుంది. ఒకరోజు ఉండి మరొకరోజు మాయమయ్యే లోపానికి వేరే కారణం వెదకాలి.

ఇప్పుడు అసలు మందుకు వద్దాం. అప్పుడప్పుడూ వచ్చే లోపానికి అన్నిటికంటె చవకైన, అన్నిటికంటె శక్తిగల పరికరం ఒక నోటుపుస్తకం. మన ప్రతి కంట్రోలు గదిలోనూ లాగుబుక్కు ఉంటుంది. ఏ వేళకు ఏ రీడింగు, ఏ అలారం, ఏ చర్య అన్నది షిఫ్టు మారేలోగా రాయకపోతే చార్జి అప్పగించరు. అదే పద్ధతి ఇంటి బండికి వర్తింపజేయాలి. లోపం కనిపించిన ప్రతిసారీ, గమ్యం చేరాక, ఈ వివరాలు రాయాలి: తేదీ, వేళ, బండి బయలుదేరి ఎంతసేపయింది, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, ఎందరు ఎక్కారు, ఎ.సి. నడుస్తున్నదా, చదునా, ఎక్కుడా, ఏ గేరు, ఏ వేగం, ఎండా, వానా, చెక్ ఇంజను లైటు వెలిగిందా, ఎంతసేపటికి తేరుకుంది. లోపం కనిపించని ప్రయాణాలను కూడా ఒక్క గీతలో రాయడం అవసరం. ఎప్పుడు రాలేదో తెలిస్తేనే ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది.

మేము పైన చెప్పిన కుటుంబంలో ఈ పుస్తకం తెరిచినది ఎనిమిదవ తరగతి చదివే అమ్మాయి. తల్లి పక్క సీటులో కూర్చుని తానే రాసేది. మూడు వారాలలో లోపం పదకొండుసార్లు కనిపించింది. పదకొండు సార్లూ బండిలో నలుగురికి మించి ఉన్నారు. పదకొండు సార్లూ బయలుదేరి అరగంట దాటింది. తొమ్మిదిసార్లు పెట్రోలు ముల్లు పావు కంటె కింద ఉన్నది. తండ్రి ఒంటరిగా నడిపిన ఏడు ప్రయాణాలలో ఒక్కసారీ రాలేదు. ఆయన ప్రయాణం పదిహేను నిమిషాలే, పైగా జీతం రాగానే ట్యాంకు నింపించి కొన్నాళ్లు తానే నడుపుకునేవారు. ఆ పట్టిక చూసిన తరువాత ఆయన మారుమాట్లాడలేదు. వృత్తిరీత్యా పట్టికలు చదవడం తెలిసినవారు కదా!

ఆ పుస్తకాన్ని ఈసారి మరొక వర్క్‌షాపులోని వయసు మళ్లిన మెకానిక్ చేతికి ఇచ్చారు. ఆయన స్కానరు పెట్టలేదు. ముందు పుస్తకం చదివారు. "వేడెక్కాక, బరువు మీద, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు వస్తున్నదంటే పెట్రోలు పీడనం చూడాలి సార్" అన్నారు. ట్యాంకులో మునిగి ఉండే పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. మట్టం తగ్గినప్పుడు పంపు వేడెక్కుతుంది. అప్పటికే దాని జల్లెడ సగం మూసుకుపోయి ఉంటే, కొద్దిపాటి పెట్రోలు చాలే వేళ ఏ లోటూ కనిపించదు. పూర్తి శక్తి కావలసిన వేళ సరఫరా తెగుతుంది. ఇటువంటి ఇంజన్లలో పీడనం సాధారణంగా 3 నుంచి 4 బార్ల మధ్య నిలకడగా ఉండాలి. ఆయన గేజి బిగించి, "మేడమ్, మీరే నడపండి, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించండి" అన్నారు. నలభై నిమిషాల తరువాత, ఊరి బయటి ఎక్కుడు మీద, ముల్లు కిందికి జారడం అందరూ కళ్లారా చూశారు. పంపు విప్పితే జల్లెడకు గోధుమరంగు మడ్డి పట్టి ఉన్నది. ట్యాంకు కడిగించి, పంపు, జల్లెడ మార్చారు. అంతకుముందు అనుమానం మీద మార్చిన భాగాలకైన మొత్తంలో సగం కూడా ఖర్చు కాలేదు. ఆ తరువాత లోపం మళ్లీ కనిపించలేదు.

స్కానరు పనికిరాదని మా అభిప్రాయం కాదు. చెక్ ఇంజను లైటు వెలిగితే అదే మొదటి మెట్టు. గాలికి తగిన పెట్రోలు అందడం లేదని తెలిపే పి 0171, మిస్సింగ్‌ను తెలిపే పి 0300 వంటి సంకేతాలు ఎంతో సమయం ఆదా చేస్తాయి. లోపం సంభవించిన క్షణాన వేగం, ఉష్ణోగ్రత వంటి వివరాలు కూడా కంప్యూటరు దాచి ఉంచుతుంది. అందుచేత వర్క్‌షాపుకు పోకముందే బ్యాటరీ తీగ విప్పి 'రీసెట్' చేయడం తగదు, సాక్ష్యం చెరిపివేసినట్లవుతుంది. ఐతే స్కానరు సెన్సార్లు ఉన్న చోటి సంగతే చెప్పగలదు. పెట్రోలు పీడనాన్ని కొలిచే సెన్సారు లేని బండిలో పంపు నీరసాన్ని అది నేరుగా చూడలేదు. సంకేతం లేనంత మాత్రాన లోపం లేదనుకోరాదు.

వర్క్‌షాపు వారితో మాట్లాడే తీరు కూడా చికిత్సలో భాగమే. 'ప్లగ్గులు మార్చండి' అని మనమే మందు రాసి ఇవ్వకూడదు; లక్షణం చెప్పాలి. లోపం వచ్చే పరిస్థితిలోనే ట్రయల్ వేయమని కోరాలి. వీలైతే రోజూ నడిపేవారే నడపాలి. ఏ పరీక్ష చేసి ఏ భాగం చెడిందని నిర్ణయించారో అడగాలి. మార్చిన పాత భాగాన్ని చూపించమనాలి. ఒక పర్యాయం ఒకే మార్పు చేయించాలి. మూడు ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

లోపం తేలేవరకు బండిని ఎలా నడపాలన్నది మరింత ముఖ్యం. రెండు వరుసల రహదారి మీద ఓవర్‌టేక్ ప్రయత్నం మానాలి. ట్యాంకును సగానికి తగ్గనీయరాదు. రైలు గేటు, కూడలి దాటేటప్పుడు ఎదుట పూర్తి ఖాళీ ఉంటేనే కదలాలి. దాటుతుండగా బండి నీరసిస్తే పెడలు ఇంకా తొక్కుతూ ఆశపడరాదు. బ్రేకు వేసి వెనుకకు రావడమే మార్గం. వీలైన చోట ఎడమకు ఆపి, నాలుగు ఇండికేటర్లు వేసి, వెనుక హెచ్చరిక త్రికోణం పెట్టి, పిల్లలను రోడ్డుకు దూరంగా నిలపాలి. జాతీయ రహదారి మీద 1033, ఎక్కడైనా అత్యవసరానికి 112 గుర్తుంచుకోవాలి.

దీనికి విపరీతమైన ఆపద కూడా ఒకటి ఉన్నది: తొక్కిన పెడలు పైకి రాకపోవడం. 2009 ఆగస్టులో అమెరికాలోని శాండియేగో వద్ద, డీలరు తాత్కాలికంగా ఇచ్చిన ఒక లెక్సస్ కారులో వేరొక నమూనాకు చెందిన చాప పెడలుకు అడ్డుపడి, నలుగురు మరణించారు. టొయోటా సంస్థ లక్షలాది వాహనాలను వెనుకకు పిలిపించింది. ఎలక్ట్రానిక్ లోపమేమో తేల్చడానికి నాసా ఇంజనీర్లను కూడా నియోగించారు. 2011 ఫిబ్రవరి నివేదికలో అటువంటిది దొరకలేదని, చాపలు, అంటుకుపోయే పెడళ్లే గుర్తించిన కారణాలని తేలింది. వినియోగదారులకు నిజం చెప్పనందుకు 2014లో ఆ సంస్థ 120 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. మన బండిలో చాప మీద చాప వేయకపోవడం, డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్ల సీసా దొర్లకుండా చూడడం ఖర్చులేని జాగ్రత్తలు. పెడలు ఇరుక్కుంటే బ్రేకును ఒకే పట్టుగా గట్టిగా నొక్కాలి, పదే పదే వదలరాదు. గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. ఆగిన తరువాతే తాళం చెవి తీయాలి. నడుస్తుండగా చెవి లాగితే స్టీరింగు బిగుసుకుపోవచ్చు.

ఉత్తరాలు రాసిన మిత్రులకు మా సలహా ఒక్కటే. ముందు బండిని ఎక్కువగా నడిపేవారి మాట, అందులో ప్రయాణించేవారి మాట వినండి. అది ఇల్లాలు కావచ్చు, కళాశాలకు పోయే కుమారుడు కావచ్చు, వెనుక సీటులో కూర్చునే పెద్దలు కావచ్చు. మనం నడిపినప్పుడు కనిపించలేదన్నది లోపం లేదనడానికి రుజువు కాదు. మనం నడిపిన పరిస్థితి వేరన్నదానికి మాత్రమే రుజువు. ప్లాంటులో రాత్రి షిఫ్టు ఆపరేటరు రాసిన మాటను నమ్మి ఉదయం పంపు విప్పుతాము. ఇంట్లోవారి మాటకు అంతకంటె తక్కువ గౌరవం ఇవ్వవలసిన కారణం లేదు.

లాగుబుక్కు తెరిచిన పాఠకులు తాము కనుగొన్నది మాకు రాస్తే, వీలునుబట్టి ఈ శీర్షికలో ప్రచురిస్తాము. వచ్చే సంచికలో వానాకాలానికి ముందు టైర్లు, వైపర్లు, బ్రేకుల తనిఖీ గురించి ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.